తుపాకులతో చేసిన చెట్టు



జనులు తమ కత్తులను నాగలి కర్రులుగా మార్చుకునే కాలం వస్తుందని యెషయా 2:4లో చదువుతాం. అది రాబోయే రాజ్యం సంగతి కదా అని పేజీ తిప్పేస్తాం. ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో సంఘాల పెద్దలు మాత్రం ఆ మాట పట్టుకొని పనిలోకి దిగారు.

మొజాంబిక్‌కు 1975లో పోర్చుగల్ నుండి స్వాతంత్ర్యం వచ్చింది. రెండేళ్లకే అంతర్యుద్ధం మొదలైంది. 1992 అక్టోబరులో రోము నగరంలో శాంతి ఒప్పందం జరిగేసరికి యుద్ధం వల్ల, కరువు వల్ల సుమారు పది లక్షలమంది చనిపోయారు. సంతకాలైతే అయ్యాయి గాని తుపాకులు పోలేదు. రేపు ఏమవుతుందోనని జనం వాటిని దాచుకున్నారు, నేలలో పాతిపెట్టుకున్నారు.

1995లో మొజాంబిక్ క్రైస్తవ మండలి, ఆంగ్లికన్ బిషప్ డినిస్ సెంగులానే గారి నాయకత్వంలో ఒక పరిచర్య ప్రారంభించింది. ఆయుధం తెచ్చి అప్పగిస్తే బదులుగా పార, సైకిలు, కుట్టుమిషను వంటివి ఇచ్చేవారు. ఒక ఊరివాళ్లు కలిసి తుపాకులు అప్పగించి ట్రాక్టరు తెచ్చుకున్నారు. వచ్చిన ఆయుధాలు మళ్లీ పేలకుండా ముక్కలుగా కోసి, కొన్నింటిని రాజధాని మపుటోలోని కళాకారులకు ఇచ్చారు.

ఆ ముక్కలతో కెస్టర్ అనే కళాకారుడు 2001లో ఒక కుర్చీ చేశాడు. అందులోని తుపాకుల్లో ఒక్కటి కూడా ఆఫ్రికాలో తయారైంది కాదు. 2004లో నలుగురు కళాకారులు కలిసి జీవవృక్షం చేశారు. ఎత్తు మూడున్నర మీటర్లు, బరువు దాదాపు అర టన్ను. ఈ రెండూ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. సంఘం తుపాకి తీసుకొని మనిషిని ఖాళీ చేతులతో పంపలేదు. దయ్యం వదిలిపోయిన ఇల్లు ఖాళీగా ఉంటే ఏమవుతుందో మన ప్రభువు లూకా 11:24-26లో హెచ్చరించాడు. చేతులూ అంతే. ఆయుధం వదిలిన చేతికి పని కావాలి.

ఆ చెట్టుతో యుద్ధాలు ఆగిపోయాయని చెప్పను. 2013లో పాత పక్షాలు మళ్లీ కొట్టుకున్నాయి. 2017 నుండి ఉత్తరాన కాబో డెల్గాడోలో రక్తం పారుతోంది. అయినా ఆ చెట్టులో చేరిన తుపాకి ఇంకెవరినీ చంపలేదు.

మనమూ గట్టు తగాదాలో, ఆస్తి పంపకంలో పెద్దమనుషుల ముందు రాజీపడి చేతులు కలుపుతాం. కాని ఒక పాత మాటను మాత్రం అవసరానికి పనికొస్తుందని లోపల పాతిపెట్టుకుంటాం. ఈ వారం దాన్ని తవ్వితీసి ప్రభువు పాదాల దగ్గర పెట్టండి. తరువాత మాటల్లేని ఆ అన్న ఇంటికో, తోడికోడలి ఇంటికో ఏదైనా పనిసాయానికి వెళ్లండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.