హెచ్-1బి కోటా: అన్నకి దొరికిన వీసా తమ్ముడికి ఎందుకు దొరకలేదు?

మన గరివిడిలో బీటెక్ అయిపోయిందంటే చుట్టాలు అడిగే మొదటి మాట: "అమెరికా ఎప్పుడు?" కానీ ఆ గేటు సైజు ఎవరు తేల్చారో తెలుసా?

1990 చట్టం హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000 అని గీత గీసింది. సాఫ్ట్‌వేర్ పనులు పెరిగేసరికి 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000 చేశారు. 2001 నుంచి 2003 దాకా ఏకంగా 1,95,000! ఈలోగా డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి, ఆ మూడేళ్లూ కోటా నిండనేలేదు.

2004లో మళ్లీ 65,000. తర్వాత అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000 కలిపారు, అంతే. 2007 ఏప్రిల్‌లో మొదటి రెండు రోజుల్లోనే 1,20,000కి పైగా దరఖాస్తులొచ్చాయి. లాటరీ తీయాల్సొచ్చింది.

అంటే తమ్ముడికి తెలివి తక్కువై కాదు. అన్న వెళ్లినప్పుడు గేటు బార్లా తెరిచుంది. ఆ అంకె మన మార్కుల లిస్టులో లేదు, అమెరికా కాంగ్రెస్ చేతిలో ఉంది. ప్రయత్నించండి, కానీ లాటరీని నమ్ముకుని నాన్న పొలం మాత్రం తాకట్టు పెట్టించకండి.