ప్రయాణానికి పూచీ: మోటుపల్లి అభయశాసనం నుంచి విదేశీ ప్రయాణ బీమా వరకు

విజయవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద ఉన్న ఉయ్యూరును ఉదాహరణగా తీసుకుందాం. పంచదార మిల్లుకు పేరుపడిన ఈ ఊళ్లోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఎన్నో. తల్లిదండ్రులకు ప్రయాణం ఖాయమైతే, ట్రావెల్స్ ఆఫీసులో టికెట్టుతోపాటు బీమా కూడా తీసుకుంటారా అని అడుగుతారు. "ఆసుపత్రి ఖర్చు ఇస్తారా?" అన్నదే వాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే అదే పాలసీ కాగితంలో ఆసుపత్రితో సంబంధం లేని భాగం ఒకటి ఉంటుంది. సామాను పోవడం, ఆలస్యంగా చేరడం, పాస్‌పోర్టు పోవడం, ప్రయాణం రద్దు కావడం, మన వల్ల ఇతరులకు నష్టం కలగడం వంటివి అందులోకి వస్తాయి. చాలామంది ఆ పేజీలు తిప్పి చూడరు. చరిత్ర విద్యార్థులు గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ చదవని పేజీలే పాతవి. వైద్య ఖర్చుల భాగం మన దేశంలో నిన్నమొన్న వచ్చింది.

రాజు ఇచ్చిన అభయం

చీరాల దాటిన తరువాత, సముద్రపు ఒడ్డున మోటుపల్లి ఉంది. నేడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244-45లో, వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయశాసనం అంటాం. అంతకు ముందు ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ స్థానిక రాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కన్న ధనమే గొప్పదనుకొని సముద్రయానం చేసే వర్తకుల మీద దయతోనూ, కీర్తి కోసమూ, పుణ్యం కోసమూ ఆ పద్ధతి మానుతున్నామని, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు.

దీన్ని తొలి బీమా పాలసీ అని కొందరు ఉత్సాహంగా అంటారు. అది సరికాదు. మునిగిన సరుకుకు రాజు పరిహారం ఇవ్వలేదు, ఒడ్డుకు చేరిన సరుకును మాత్రం ముట్టుకోనన్నాడు. కాని సముద్రం వల్ల వచ్చిన నష్టం ఒకటి, మనిషి వల్ల వచ్చే నష్టం మరొకటి అని శాసనం స్పష్టంగా విడదీసింది. నేటి పాలసీలోని ప్రతి నిబంధనా చేసే పని ఇదే. 1358లో కొండవీటి అనవోతారెడ్డి ఈ రేవుకే మళ్లీ అభయశాసనం వేయించాడు. రాజ్యం మారినప్పుడు పాత మాట చెల్లుతుందో లేదో అన్న సందేహం వర్తకులకు ఉండి ఉండాలి.

మరొక చిన్న విషయం. బీమా అన్న మాటకు మూలం 'భయం' అనే అర్థమున్న పారశీక పదం బీమ్. అభయం అన్నా, బీమా అన్నా ముందున్నది భయమే!

అప్పులో దాగిన బీమా

మరి నష్టానికి డబ్బు ఇచ్చింది ఎవరు? ఇక్కడ వడ్డీ వ్యాపారిని చూడాలి. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకు నెలకు ఎనభయ్యో వంతు వడ్డీ. మన పల్లెల లెక్కలో నూటికి రూపాయి పావలా. అడవుల గుండా పోయే వర్తకుడికి అది నూటికి పది. సముద్రం మీద పోయేవాడికి నూటికి ఇరవై. అసలే మునిగిపోతుందన్న భయం దీనికి కారణమని వ్యాఖ్యాత విజ్ఞానేశ్వరుడు వివరించాడు. అతని మితాక్షరను అనుసరించి కేతన తెలుగులో ధర్మశాస్త్రం రాసింది కూడా మోటుపల్లి శాసనం వెలసిన 13వ శతాబ్దంలోనే.

తరువాతి శతాబ్దాల్లో హిందూ మహాసముద్రపు రేవుల్లో ఓడ అప్పులు వాడుకలో ఉండేవి. ఓడ క్షేమంగా తిరిగివస్తే అసలుతోపాటు పెద్ద వడ్డీ కట్టాలి, మునిగితే అప్పు రద్దు. ఆ వడ్డీలో కొంత నిజానికి ప్రీమియమే. 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో స్థావరం పెట్టేనాటికి గోల్కొండ రాజ్యపు ఓడలు ఇక్కడి నుంచి అరేబియా, ఆగ్నేయాసియా తీరాలకు వెళ్లివస్తున్నాయి.

ఓడ నుంచి మనిషికి బీమా మారింది రైలు వల్ల. 1849లో లండన్‌లోని రైల్వే పాసెంజర్స్ అస్యూరెన్స్ కంపెనీ రైలు టికెట్టుతోపాటు ప్రమాద బీమా అమ్మింది. మొదటి తరగతికి 3 పెన్నీలు, మూడో తరగతికి 1 పెన్నీ. ప్రమాదం జరిగితే వచ్చే సొమ్ములోనూ ఆ తేడా ఉండేది.

కృష్ణా జిల్లా ఈ రంగంలో వెనకబడలేదు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పాడు. జీవిత బీమా 1956లోనూ, సాధారణ బీమా 1973 జనవరి 1 నుంచీ జాతీయమయ్యాయి. 107 సంస్థలు నాలుగు కంపెనీలుగా కలిసిపోయాయి. 1984లో ఆ ప్రభుత్వ కంపెనీలే విదేశాలకు వెళ్లేవారి కోసం ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ తెచ్చాయి. ప్రీమియం రూపాయల్లో, ఆసుపత్రికి చెల్లింపు విదేశీ ద్రవ్యంలో. విదేశీ మారకం దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద వెసులుబాటో ఊహించండి. తరువాత షెంగెన్ దేశాలు వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలన్నాయి. ఉయ్యూరు పెద్దాయన మొదట ఆసుపత్రి గురించే అడగడానికి ఈ రెండూ ముఖ్య కారణాలని నా అభిప్రాయం. పాలసీ పేరులోనే మెడిక్లెయిమ్ ఉంటే మిగతా పేజీలు ఎవరికి గుర్తుంటాయి?

చదవని పేజీలు

సామాను సంగతి చూద్దాం. ఆవకాయ జాడీ పగిలినా, పెట్టె అసలే రాకపోయినా మొదటి బాధ్యత విమానసంస్థది. 1929 వార్సా ఒప్పందం ఈ బాధ్యతను కిలోల లెక్కన కొలిచింది. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రయాణికుడి లెక్కన కొలిచింది. భారతదేశం 2009లో అందులో చేరింది. దాని గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ఒక్కొక్కరికి 1,519 ఎస్.డి.ఆర్. (ఇది అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్కల ప్రమాణం.) సామాను దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యమైతే చేతికి వచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విమానాశ్రయం దాటకముందే కౌంటరులో ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవడం ఇంకా మంచిది. బీమా కంపెనీ కూడా ఆ కాగితమే అడుగుతుంది. పెట్టెలో పెట్టిన నగలకు, నగదుకు చాలా పాలసీలు వర్తించవు.

ప్రయాణం రద్దు, ఆలస్యం విషయంలో గొడవంతా మాటల దగ్గరే. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల యూరప్ ఆకాశం దాదాపు వారం మూతపడింది. పాలసీలో ప్రతికూల వాతావరణం అని ఉంది, బూడిద వాతావరణం కాదు అని కొన్ని కంపెనీలు వాదించాయి. ఇక్కడ ఆగి, మీకు తెలిసినవారి పాలసీ ఒకటి తీసి, ఏ కారణాల వల్ల రద్దయితే డబ్బు వస్తుందో పెన్సిలుతో గీత గీయండి. మనసు మారి మానుకున్న ప్రయాణం సాధారణంగా అందులో ఉండదు.

ఇంతవరకు చెప్పింది టికెట్టు కొనుక్కొని వెళ్లేవారి గురించి. గల్ఫ్‌కు పనికి వెళ్లేవారి ప్రమాదం వేరు. దిగిన చోట యజమాని రాకపోవచ్చు, చెప్పిన పని ఇవ్వకపోవచ్చు, మధ్యలో తీసేయవచ్చు. 2003లో కేంద్రం తెచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజన వీటిని గుర్తించింది. 2017 సవరణ ప్రకారం ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనిచేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. వైద్యంతో పనిలేని అంశాలు ఇందులో ముఖ్యం. మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు, యజమాని తీసుకోకపోయినా ఒప్పందం మార్చినా తిరుగు టికెట్టు, ఉద్యోగానికి సంబంధించిన వ్యాజ్యానికి 45,000 రూపాయల వరకు న్యాయ ఖర్చులు ఇందులో ఉన్నాయి. మోటుపల్లిలో ఓడ ఒడ్డుకు చేరాక మనిషి వల్ల వచ్చే నష్టాన్ని శాసనం పట్టించుకున్నట్లే, ఇక్కడ విమానం దిగాక వచ్చే నష్టాన్ని పాలసీ పట్టించుకుంది.

అయితే ఈ పాలసీ తప్పనిసరి అయ్యేది పదో తరగతి పాసవని, ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవారు నిర్దేశించిన 18 దేశాలకు పనికి వెళ్లేటప్పుడే. ఆ అనుమతి తీసుకునే దశలోనే పాలసీ చేతికొస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో కొందరిని ఏజెంట్లు సందర్శక వీసా మీద పంపుతారు. కాగితం మీద ఆమె పనికి వెళ్లడం లేదు, చుట్టపుచూపుగా వెళ్తోంది. కాబట్టి అనుమతీ లేదు, ఆ పాలసీ కూడా లేదు. దిగిన చోట ఎవరూ రాకపోతే తిరుగు టికెట్టు డబ్బు ఊళ్లో అప్పు చేసి పంపాల్సిందే, నూటికి నెలకు మూడో నాలుగో రూపాయల వడ్డీకి.