గంట కొట్టేదెవరు?

సంక్రాంతికి పుట్టింటికని మైలవరం వెళ్ళాను. మా తమ్ముడి కొడుకు హాస్టలు నుంచి వచ్చాడు. ఇంటరు రెండో సంవత్సరం, ఎంపీసీ. నాలుగు రోజులు సెలవులిచ్చారట. భోగినాడు తలంటు పోసుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, మంచం మీద కూచున్నాడు. పుస్తకం తియ్యడు. తోటకి పోడు. ఈ కాలం పిల్లాడు, ఫోనైనా పట్టుకోడు. అరగంట చూసి, "ఏరా, వంట్లో బాగాలేదా?" అన్నాను.

"బానే ఉందత్తా. ఇప్పుడేం చెయ్యాలో తెలీటం లేదు. అక్కడైతే బెల్లు కొడతారుగా" అన్నాడు.

వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వీడికి పదేళ్ళప్పుడు సంగతి నాకు బాగా గుర్తు. పూత మీద తేనెమంచు పురుగు పడిందని వాళ్ళ నాన్న కంటే ముందు కనిపెట్టి, మందు ఎప్పుడు కొట్టాలో, పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్ళు ఎప్పుడు పెట్టాలో లెక్కగా చెప్పేవాడు. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలున్న ఇళ్ళల్లో పిల్లలకి ఇవి ఎవరూ కూచోబెట్టి నేర్పరు. అలాంటివాడికి ఇప్పుడు బెల్లు కొడితే గాని కాలు కదలటం లేదు!

వంటింట్లో మా మరదలి బాధ ఇంకోలా ఉంది. "వీడికి బొత్తిగా టైము విలువ తెలీదు వదినా! పరీక్షలు నెత్తి మీదున్నాయి" అంటోంది అరిసెలు వత్తుతూ. ఏ ఇంట్లో విన్నా తల్లుల నోట ఇదే మాట. మా అమ్మా నన్ను అన్నది. వాళ్ళమ్మ ఆవిణ్ణి అనే ఉంటుంది, కాకపోతే ఆవిడ 'గడియ' అని ఉంటుంది, 'టైము' అని కాదు.

గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఏడున్నర గడియలు ఒక జాము. ఎనిమిది జాములు ఒక రోజు. ఈ లెక్కలన్నీ పెద్దబాలశిక్షలో ఉండేవి. ఇప్పుడు మనకి మిగిలింది 'తెల్లవారుజాము' ఒక్కటే. అడుగున సన్నటి బెజ్జం పెట్టిన రాగిగిన్నెని నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ అయినట్టు. ఆ గిన్నె నుంచే మన 'గడియారం' పుట్టింది. తమాషా ఏమిటంటే, 1980ల చివర ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే కాలేజీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరు తెచ్చుకుని, పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తనే పందెం వేసుకున్నాడు. చివరికి ఇరవై అయిదు నిమిషాల దగ్గర కుదిరింది. అన్ని నిమిషాలు చదవటం, కాస్త ఆగటం, మళ్ళీ కూచోవటం. ఇవాళ ప్రపంచమంతా ఆ పద్ధతిని టమాటా పేరుతోనే పిలుస్తోంది. మన గడియకీ ఆ టమాటాకీ తేడా ఒక్క నిమిషం!

సరే, పూర్వం మన పిల్లలు పొద్దు ఎలా గడిపేవారో చెప్పే కాగితం ఒకటుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో, ఏ జిల్లాలో ఎన్ని బళ్ళున్నాయో, ఎందరు చదువుతున్నారో రాసి పంపమని కలెక్టర్లకి ఉత్తర్వు వేశాడు. చాలామంది అంకెలు పంపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో బడి లోపలికి తొంగిచూసినట్టు రాశాడు. ఈయన 1816లోనే ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషి. మన భాష తెలిసినవాడు కనక మన బడీ తెలిసింది కాబోలు. బళ్ళారి అప్పుడు దత్తమండలాల్లోది. జిల్లాలో ఉన్న 533 బళ్ళలో 226 తెలుగువే.

ఆయన చెప్పిన వీధిబడి పొద్దున ఆరింటికి మొదలవుతుంది. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. అది వాడికి గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు. అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి వరసన ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. నలభయ్యోవాడి గతి ఏమిటో మీరే లెక్క కట్టుకోండి!

నాకైతే ఈ సున్నా భలే నచ్చింది. ఆ సున్నా చేత్తో ఇంటికొచ్చిన పిల్లాడు అన్నంలో చెయ్యి పెట్టేముందు ఒకసారి దాన్ని చూసుకునే ఉంటాడు.

అలాగని ఆ బళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చదవని పిల్లాణ్ణి రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకి వేలాడదియ్యటం గురించి కూడా కాంబెల్ రాశాడు. మన పెద్దవాళ్ళు కోదండం అనేవారు, అదే. గుంజీల మాటా రాశాడు. తొమ్మిది లక్షల పైచిలుకు జనం ఉన్న జిల్లాలో బడికి పోతున్నది 6,641 మంది. వాళ్ళలో ఆడపిల్లలు అరవై. అక్షరాలా అరవై మంది. ఆ అంకె చదివాక సరస్వతి పేరు ఎవరి అరచేతిలో రాశారో మళ్ళీ అడగబుద్ధి కాదు.

కాంబెల్ నిజంగా మెచ్చుకున్నది ఇంకొకటి. పై పాఠం వచ్చిన పిల్లలు కింది పిల్లలకి చెప్పటం. చెబుతూ చెబుతూ తమ పాఠం గట్టిపరుచుకోవటం. ఇది ఇంగ్లండు దాకా వెళ్ళి అక్కడ కూడా అమలయిందని ఆయన రాశాడు. నిజమే. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ 1797లో దీన్ని గురించి పుస్తకం వేశాడు, అక్కడ 'మద్రాసు పద్ధతి' అన్న పేరు స్థిరపడింది. బెత్తం మాస్టారిదే కాని, పొద్దు మొత్తం ఆయన గుప్పిట్లో లేదు. సగం పిల్లల చేతుల్లోనే నడిచేది. ఇసకలో అక్షరం దిద్దించాలన్నా, ఎక్కం అప్పజెప్పించుకోవాలన్నా, ఎంతసేపు పడుతుందో పదేళ్ళ చట్టాంబిళ్ళకి తెలిసేది. రోజుకి ఇంత అని పాఠం, మర్నాడు అది అప్పజెప్పటం, అది వస్తేనే తర్వాతది. లక్ష్యం, లక్ష్యం అని ఇప్పుడు మనం గోడల మీద రాస్తున్నామే, ఆ పిల్లలకి దాని పొడుగు ఒక్క పద్యమంత.

తర్వాత రైలొచ్చింది, దాంతో మద్రాసు టైము వచ్చింది. 1906లో దేశమంతటికీ ఒకే టైము పెట్టారు. బడికి ఇనప గంటా, పీరియడ్లూ వచ్చాయి. వాటిని తప్పుపట్టను, ఆ గంట మోగితేనే మనలో చాలామందిమి చదువుకున్నాం.

అయితే ఏ గంటా మోగని చోట కాలాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళ గురించి చెప్పాలి. అందులో మొదట గుర్తొచ్చేది దుర్గాబాయి గారు. రాజమండ్రిలో 1909లో పుట్టారు. చిన్నప్పుడే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహం నాటి నుంచి జైళ్ళు. 1933లో చివరిసారి జైలు నుంచి బయటికొచ్చేసరికి ఆవిడకి ఇరవై నాలుగేళ్ళు. చేతిలో మెట్రిక్ కూడా లేదు. జైల్లో, చట్టం అంటే ఏమిటో తెలీకుండా పెద్ద పెద్ద శిక్షలు పడ్డ ఆడవాళ్ళని చూశారు. లాయరు కావాలనుకున్నారు.

ఆ వయసులో ఆ మాట అంటే మన ఇళ్ళల్లో ఏమంటారో మనకి తెలుసు. మెట్రిక్, ఇంటరు, బి.ఏ., ఆ పైన లా. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు గడపలు. ఆవిడ మొదటి గడపే చూసుకున్నారు. బనారసు మెట్రిక్‌కి ఇంటి దగ్గర చదివి కట్టారు. ఆపైన వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వెళితే, ఆడపిల్లలకి హాస్టలు లేదన్నారు. పేపర్లో ప్రకటన వేయించి, చదువుకోవాలన్న మరికొందరు ఆడపిల్లల్ని పోగుచేసి, వసతి ఏర్పాటు చేసుకుని మరీ చేరారు. 1942లో లా పట్టా చేతికొచ్చింది. జైలు గేటు నుంచి కోర్టు గేటు దాకా తొమ్మిదేళ్ళు.

ఈ తొమ్మిదేళ్ళ మధ్యలోనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలయింది. బనారసు మెట్రిక్‌కి కట్టే ఆడపిల్లలకి అక్కడ పాఠాలు చెప్పించారు. తను దాటిన గడప దగ్గరే నిలబడి వెనకవాళ్ళకి చెయ్యి అందించటం అన్నమాట. చూశారా, బళ్ళారి వీధిబడి మళ్ళీ కనిపించింది!

తర్వాత ఆవిడ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళ కోసం ఆ బోర్డు 1958లో కుదించిన కోర్సులు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి బడి చదువుని రెండేళ్ళలో ముగించి పరీక్షకి కూచోబెట్టటం. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు. 'క్షణం తీరికలేదు, దమ్మిడీ ఆదాయం లేదు' అని మనం నవ్వులాటకి అంటాంగాని, వాళ్ళకది అచ్చంగా నిజం. అంత తక్కువ తీరికలో చదువుకున్నారంటే, ఏ పని ఎప్పుడు చెయ్యాలో వాళ్ళే తేల్చుకుని ఉండాలి. వంటింట్లో బెల్లు కొట్టేవాళ్ళెవరున్నారు?

ఇప్పుడు మళ్ళీ మంచం మీద కూచున్న మావాడి దగ్గరికి వస్తాను. వాడు చెప్పిన ప్రకారం నాలుగున్నరకి బెల్లు. స్టడీ అవరు, టిఫిను, క్లాసు, మళ్ళీ స్టడీ అవరు. రాత్రి పదిన్నరకి లైట్లు తీస్తారు. వారం వారం పరీక్ష, ఆ మార్కులు తండ్రి ఫోనుకి వస్తాయి. ఏ అధ్యాయం ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు మూయాలో వాళ్ళే చెబుతారు. ఇలాంటి కాలేజీల సంగతి కొత్తదేం కాదు. పిల్లల ఆత్మహత్యలు చూసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లోనే నీరదారెడ్డి కమిటీని వేసింది. కమిటీలు వస్తాయి, పోతాయి. మనం మాత్రం జూన్ రాగానే ట్రంకుపెట్టె కొంటున్నాం. నేను ఎవర్నీ నిందించటం లేదు. మా తమ్ముడు పూత మీదే తోట అమ్మి ఆ ఫీజు కట్టాడు.

రాత్రి వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఓ కథ చెప్పాను. పీటర్ గోల్‌విట్జర్ అని జర్మనీ సైకాలజిస్టు. ఆయన, మరొక పరిశోధకురాలు కలిసి 1997లో ప్రచురించిన సంగతి. క్రిస్మస్ సెలవులకి ఇళ్ళకెళ్ళే కాలేజీ పిల్లలకి ఒక పని ఇచ్చారు. పండగ ముందు రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపాలి. సగంమందిని, ఎప్పుడు రాస్తారో, ఎక్కడ కూచుని రాస్తారో ముందే అనుకోమన్నారు. మిగతావాళ్ళని ఊరికే వదిలేశారు. ఊరికే వదిలినవాళ్ళలో మూడోవంతు మందే రాశారు. చోటూ వేళా అనుకున్నవాళ్ళలో నాలుగింట మూడొంతులమంది రాశారు.

"పండగ సెలవుల్లోనే?" అన్నాడు వాడు.

"పండగ సెలవుల్లోనే. నువ్వూ చూడు. ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి. నేను చెప్పను, మీ అమ్మా చెప్పదు."

చాలాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని కూచున్నాడు. పాత క్యాలెండరు కాయితం వెనక రాశాడు. రేపు భోజనం అయ్యాక, తోటలో మోటారు షెడ్డు అరుగు మీద, ఎలక్ట్రోస్టాటిక్స్ లెక్కలు ఆరు.

మర్నాడు సంక్రాంతి. వాకిట్లో మరదలి ముగ్గు తొక్కకుండా గెంతి, పుస్తకం చంకన పెట్టుకుని పోయాడు. తోటంతా పూత వాసన, తేనెటీగల రొద. నాలుగింటికి వచ్చాడు.

"నాలుగే అయ్యాయత్తా. ఒక్కోదానికి గడియ కాదు, గడియన్నర పట్టింది."

"ఎంత పడుతుందో తెలిసిందిగా" అన్నాను. మా మరదలు, "ఆరనుకుని నాలుగా?" అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది. కనుమనాడు వాడు నాలుగే అని రాసుకుని, అయిదు చేశాడు. అన్నం ముందు కూచుని ఆ సంగతి ఇద్దరికి చెప్పాడు, మూడోసారి మా నాన్నకి గట్టిగా అరిచి చెప్పాడు. ఆయనకి చెవుడు.

ముక్కనుమ పొద్దున్నే బెజవాడ బస్సెక్కించటానికి స్టాండుకి వెళ్ళాం. ట్రంకుపెట్టె, అరిసెల డబ్బా. బస్సు వచ్చాక అడిగాను, "అక్కడ రోజంతా వాళ్ళ బెల్లే కదరా, నీ కాయితం ఎప్పుడు తీస్తావు?"

కాస్త ఆలోచించాడు. "రాత్రి భోజనానికీ స్టడీ అవరుకీ మధ్యన ఇరవై అయిదు నిమిషాలుంటుందత్తా. అందరూ క్యూలో నించుంటారు. నేను ముందే తినేస్తా."

చొక్కా జేబు ఒకసారి తడుముకుని బస్సెక్కాడు.