లాక్‌డౌన్ కాలంలో నెల్లూరు తీరప్రాంతపు వాయు నాణ్యత

కోవిడ్-19 మహమ్మారిని అరికట్టుటకు 2020 మార్చి నుండి మే వరకు భారతదేశమంతటా అమలైన లాక్‌డౌన్ వలన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా తీరప్రాంతంలో జనసంచారం దాదాపుగా స్తంభించినది. నగరాల గాలి పాడగుటలో మనుషుల రాకపోకల పాలు ఎంత, పరిశ్రమల పాలు ఎంత అనే ప్రశ్నకు ఈ రెండు నెలల కాలం ఎవరూ తలపెట్టని ఒక ప్రయోగం వంటిది. ఈ ప్రయోగంలో నెల్లూరుకు ఒక ప్రత్యేకత ఉన్నది. నగరంలో వాహనాలు ఆగినవి గాని, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో కృష్ణపట్నం తీరాన ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రాలు అత్యవసర సేవల కింద మినహాయింపు పొందినవి.

నేపథ్యం

ఆంధ్రప్రదేశ్‌లో మొట్టమొదటి కోవిడ్ కేసు నెల్లూరులోనే, ఇటలీ నుండి తిరిగి వచ్చిన ఒక యువకునిలో, 2020 మార్చి 12న నిర్ధారణ అయినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనవి. మొదట ఏప్రిల్ 14 వరకు అనుకొన్న గడువును వరుసగా మే 3, మే 17, మే 31 వరకు పొడిగించారు. మే 1న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రెడ్ జోన్ జిల్లాలలో నెల్లూరు ఒకటి. అందువలన ఇక్కడ సడలింపులు ఆలస్యంగా వచ్చినవి. రాష్ట్రంలో ఆర్టీసీ బస్సులు తిరిగి రోడ్డెక్కినది మే 21న.

నెల్లూరు గాలి గురించిన చింత మహమ్మారితో పుట్టినది కాదు. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించినపుడు, ప్రమాణాలను అందుకోలేని 102 నగరాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుండి విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలుతో పాటు నెల్లూరు కూడా చేరినది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరి గాలి ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందనే సామాన్య నమ్మకానికి ఈ జాబితా సరిపడదు.

ప్రమాణాలు

గాలిలో తేలే ధూళి కణాలను వాటి వ్యాసాన్ని బట్టి పి.ఎం.10 (10 మైక్రోమీటర్ల లోపు), పి.ఎం.2.5 (2.5 మైక్రోమీటర్ల లోపు) అని విభజిస్తారు. వీటిలో రెండవవి ఊపిరితిత్తుల లోతుకు చేరి రక్తంలో కూడా కలవగలవు కనుక ఎక్కువ హానికరమైనవి. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున పి.ఎం.10 100 మైక్రోగ్రాములు, పి.ఎం.2.5 60 మైక్రోగ్రాములు మించరాదు. నత్రజని డయాక్సైడుకు, గంధక డయాక్సైడుకు ఈ పరిమితి 80 మైక్రోగ్రాములు.

వాహనాలు ఆగిన ప్రభావం

నెల్లూరు వంటి మధ్యతరహా నగరంలో పి.ఎం.10కు ముఖ్య కారణం రోడ్డు మీది దుమ్ము. వాహనాల గొట్టాల నుండి వచ్చే పొగ కన్న, చక్రాలు లేపే మట్టి, కట్టడాల ఇసుక, సిమెంటు పొడి బరువులో ఎక్కువ. ట్రంకు రోడ్డులో ఆటోలు, బస్సులు ఆగినపుడు ఈ దుమ్ము లేచే అవకాశం పోయినది. ఇంధనం మండుటవలన పుట్టే నత్రజని ఆక్సైడులు కొన్ని గంటలలోనే గాలి నుండి తొలగిపోతాయి. అందుచేత రాకపోకలు తగ్గిన వెంటనే వాటి తగ్గుదల కనిపిస్తుంది. రైళ్ళ నిలుపుదలకు మాత్రం ఈ విషయంలో ప్రాధాన్యం తక్కువ. నెల్లూరు మీదుగా పోయే చెన్నై-విజయవాడ మార్గం విద్యుదీకరించబడినది.

ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 22 భారతీయ నగరాలలో 2020 మార్చి 16 - ఏప్రిల్ 14 మధ్య గాలిని గత మూడు సంవత్సరాల అదే కాలంతో పోల్చినది. పి.ఎం.2.5 43 శాతం, పి.ఎం.10 31 శాతం, నత్రజని డయాక్సైడు 18 శాతం తగ్గినవి. ఓజోన్ 17 శాతం పెరిగినది. గంధక డయాక్సైడులో చెప్పుకోదగిన మార్పు లేదు. నెల్లూరు తీరానికి సంబంధించి ఈ చివరి రెండు ఫలితాలే ముఖ్యమైనవి.

ఆగని పొగగొట్టాలు

గంధక డయాక్సైడు ప్రధానంగా బొగ్గు నుండి వస్తుంది. ముత్తుకూరు మండలం నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 2020 నాటికి 800 మెగావాట్ల యూనిట్లు రెండు ఉండేవి (మూడవది 2022 అక్టోబరులో జాతికి అంకితమైనది). పైనంపురం పరిసరాలలోని ప్రైవేటు కేంద్రాలలో 660 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నవి. వీటికి కావలసిన బొగ్గు చాలవరకు కృష్ణపట్నం ఓడరేవులో దిగుతుంది. లాక్‌డౌన్ తొలి వారాలలో దేశంలో విద్యుత్ గిరాకీ ఐదవ వంతుకు పైగా పడిపోయినందున బొగ్గు కేంద్రాలు తక్కువ భారంతో నడిచినవి గాని, పూర్తిగా ఆగలేదు.

గంధక డయాక్సైడు గాలిలో ప్రయాణిస్తూ సల్ఫేటు కణాలుగా మారుతుంది. ఇవి కూడా పి.ఎం.2.5లో భాగమే. కనుక నగరంలో ఒక్క వాహనం తిరగకపోయినా సన్నని కణాలు సున్నకు చేరవు.

ఓజోన్ పెరుగుదల

భూమికి దగ్గరలోని ఓజోన్ ఏ గొట్టం నుండీ నేరుగా రాదు. నత్రజని ఆక్సైడులు, కర్బన ఆవిరులు ఎండలో చర్య జరుపుటవలన తయారవుతుంది. అయితే వాహనాల నుండి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడు ఓజోన్‌ను హరిస్తుంది కూడా. వాహనాలు ఆగగా ఈ హరణం తగ్గినది. ఏప్రిల్, మే నెలల ఎండ దానికి తోడైనది. జనం శుభ్రమైనదని భావించిన గాలిలో ఒక కాలుష్యం పెరుగుట విచిత్రంగా తోచినా, రసాయన శాస్త్రం దృష్టిలో అది సహజమే.

పోలికలోని చిక్కులు

లాక్‌డౌన్‌కు ముందరి ఫిబ్రవరిని ఏప్రిల్‌తో పోల్చి, వచ్చిన తేడానంతా లాక్‌డౌన్ ఖాతాలో వేయుట అప్పట్లో పత్రికలలో సాధారణంగా జరిగిన పొరపాటు. చలికాలంలో నేలకు దగ్గరగా చిక్కుకొనే కాలుష్యం, వేసవిలో నేల వేడెక్కి గాలి పైకి లేచుటవలన ఎలాగూ పలుచబడుతుంది. మధ్యాహ్నానికి మైపాడు వైపు నుండి వీచే సముద్రపు గాలి నగరపు పొగను లోతట్టుకు నెడుతుంది. అదే గాలి తనతో ఉప్పు కణాలను తెస్తుంది. అవి కొలత యంత్రంలో పి.ఎం.10గానే లెక్కకు వస్తాయి.

జిల్లా పనుల క్యాలెండరు మరొక చిక్కు. మార్చి, ఏప్రిల్ నెలలు పెన్నా డెల్టాలో వరికోతల కాలం. వ్యవసాయానికి, రొయ్యల సాగుకు మినహాయింపు ఉన్నందున కోత యంత్రాలు, చెరువుల వద్ద డీజిల్ ఇంజన్లు నడవవచ్చును. మరపడవలు మాత్రం లాక్‌డౌన్ లేకపోయినా ఏప్రిల్ 15 నుండి వార్షిక వేట నిషేధం వలన ఒడ్డున ఉండేవే. వాటి పొగ తగ్గుదలను లాక్‌డౌన్‌కు ఆపాదించరాదు.

ఉపగ్రహ చిత్రాలలో కూడా దక్షిణాది కథ భిన్నంగా ఉన్నది. ఉత్తర భారతదేశంలో గాలిలోని కణాలు 20 సంవత్సరాలలో ఎన్నడూ లేనంత తగ్గినవని 2020 ఏప్రిల్‌లో నాసా ప్రకటించినది. దక్షిణాన ఆ తగ్గుదల కనిపించలేదనీ, గత నాలుగు సంవత్సరాల కన్న కణాలు కొద్దిగా ఎక్కువే ఉన్నవనీ, అందుకు వాతావరణం, పొలాల మంటలు, గాలుల దిశ వంటివి కారణం కావచ్చుననీ అదే ప్రకటన పేర్కొన్నది.

పునఃప్రారంభం

ఆగిన పరిశ్రమ నిరపాయకరమైనది కాదని రాష్ట్రంలోనే తెలిసివచ్చినది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారంలో, లాక్‌డౌన్ కాలమంతా నిల్వ ఉన్న స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా వెలువడి 12 మంది మరణించారు.

2021 రెండవ ఉధృతిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ విధించలేదు. రాష్ట్రంలో మే 5 నుండి మధ్యాహ్నం 12 గంటల తరువాత కర్ఫ్యూ అమలైనది. ఉదయపు రాకపోకలు సాగినందున 2020 నాటి నిశ్చలత మరల రాలేదు. పైగా ఆ నెలలోనే ఆనందయ్య మందు కొరకు వేలాది జనం వాహనాలలో కృష్ణపట్నం చేరుకొన్నారు.

విద్యుత్ కేంద్రాల గంధక డయాక్సైడుకు 2015 డిసెంబరులో విధించిన పరిమితుల గడువును కేంద్రం పలుమార్లు పొడిగించినది. 2025 జూలైలో దేశంలోని అధిక శాతం బొగ్గు కేంద్రాలను, పొగగొట్టం ఎత్తు నిబంధనకు లోబడి, ఈ పరిమితి నుండి మినహాయించినది.