రెట్ సిండ్రోమ్: మాట వచ్చి పోయిన పిల్లల కథ

1954. వియన్నాలో పిల్లల వైద్యుడు ఆండ్రియాస్ రెట్ కళ్లు తన క్లినిక్‌లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లల మీద పడ్డాయి. తల్లుల ఒళ్లో పక్కపక్కనే ఉన్నారు. సబ్బు రుద్దుకుంటున్నట్టు ఇద్దరూ ఆపకుండా, ఒకే తీరుగా చేతులు పిసుక్కుంటున్నారు. అలాంటి పిల్లల కోసం ఆయన వెతికితే ఇంకొందరు దొరికారు. 1966లో జర్మన్ భాషలో రాసిన వ్యాసాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బర్గ్, సహచరులతో కలిసి 1983లో 35 మంది ఆడపిల్లల గురించి ఇంగ్లిష్‌లో రాశాకే ప్రపంచం ఈ జబ్బును గుర్తించింది. రెట్ పేరే దానికి స్థిరపడింది.

సుమారు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బిది. తొలి నెలల్లో బిడ్డ బాగానే ఎదుగుతుంది. తర్వాత వచ్చిన మాటలు పోతాయి, బొమ్మ పట్టుకున్న చేతులు పట్టు తప్పుతాయి. ఆ తల్లిదండ్రుల వేదన ఊహకందదు.

కారణం 1999లో తేలింది. హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ బృందం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎంఈసీపీ2 అనే జన్యువులో లోపం పట్టుకుంది. ఇది చాలావరకు కొత్తగా తలెత్తే లోపం. తల్లి తప్పూ కాదు, పెంపకం తప్పూ కాదు.

మెదడులో ఒక నాడీకణం గ్లుటమేట్ లాంటి రసాయనాన్ని వదిలితే పక్క కణం అందుకుంటుంది. ఆ కూడలే సినాప్స్. ఎంఈసీపీ2 ప్రొటీన్ ఇతర జన్యువుల పనిని అదుపు చేస్తుంది. 2007లో ఎలుకల నాడీకణాల్లో చూస్తే, ఈ ప్రొటీన్ లేనప్పుడు గ్లుటమేట్ సినాప్స్‌లు తగ్గాయి, రెట్టింపైతే పెరిగాయి. పెరిగినా మేలు కాదు: మనుషుల్లో ఈ జన్యువు అదనంగా ఉంటే అదీ మరో తీవ్రమైన జబ్బే.

అన్నిటికన్నా ఆశ కలిగించిన ఫలితం అదే ఏడాది ఎడిన్‌బరోలో వచ్చింది. జబ్బు ముదిరిన ఎలుకల్లో ఏడ్రియన్ బర్డ్ బృందం ఆ జన్యువును తిరిగి పనిచేయించింది. చాలా ఎలుకలు కోలుకున్నాయి. కణాలు చచ్చిపోలేదు, వాటి మధ్య సంభాషణే చెడింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన సంగతి లేదు. 2023లో అమెరికా ట్రోఫినెటైడ్ అనే తొలి మందుకు అనుమతి ఇచ్చింది. లక్షణాలు కొంత తగ్గుతాయంతే, జబ్బు నయం కాదు. జన్యు చికిత్స మీద ప్రయోగాలు సాగుతున్నాయి.

మన ఇళ్లలో ‘కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే’ అంటాం. రావడం ఆలస్యమవడం వేరు, వచ్చి పోవడం వేరు. పలికిన మాట మానేసినా, చేతుల వాడకం తగ్గినా ఆగకండి. బిడ్డను వెంటనే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. రక్తంతో చేసే జన్యు పరీక్ష ఉంది.