తండ్రి తుపాకి సరిహద్దు దాటాలంటే

ఒహాయోలో ఉండే తండ్రి, పక్కనే పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ కొడుక్కి తన వేట తుపాకిని ఇచ్చేయాలనుకుంటే నేరుగా చేతికివ్వడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఇద్దరూ ఏ నేరమూ ఎరగనివాళ్లే కావచ్చు. ఆ తుపాకి మూడు తరాలుగా ఇంటి గోడకే వేలాడుతూ ఉండొచ్చు. అయినా అది లైసెన్సున్న డీలరు ద్వారానే, కొడుకు నేరచరిత్ర తనిఖీ అయ్యాకే అతని చేతికి రావాలి. అదే తండ్రి కన్నుమూసి, వీలునామాలో తుపాకి కొడుకు పేర రాసిపోతే డీలరుతో పనిలేదు. కొడుకు ఒహాయో వెళ్లి తన కారులో తెచ్చుకోవచ్చు. వీలునామా లేకుండా వారసుడిగా వాటాకు వచ్చినా అంతే. బతికున్న తండ్రికి లేని వెసులుబాటు పోయిన తండ్రికి ఎందుకిచ్చారో తెలియాలంటే 1963 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఫిబ్రవరి ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో షికాగోలోని క్లైన్స్ స్పోర్టింగ్ గూడ్స్ అనే దుకాణం ప్రకటన వచ్చింది. టెలిస్కోపు బిగించిన ఇటలీ సైనిక రైఫిల్ ధర 19.95 డాలర్లు. ‘ఎ.హిడెల్’ పేరుతో ఒకడు కూపన్ నింపి, రవాణా ఖర్చుతో కలిపి 21.45 డాలర్ల మనియార్డరు పంపాడు. మార్చిలో రైఫిల్ డాలస్‌లోని పోస్టాఫీసు పెట్టెకు చేరింది. హిడెల్ అన్నది దొంగపేరు. అసలు పేరు లీ హార్వీ ఆస్వాల్డ్. నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ మీద పేలింది ఆ రైఫిలే. అతని దగ్గరున్న రివాల్వర్ కూడా లాస్ ఏంజిలిస్ నుంచి ఇలాగే వచ్చింది. కాకపోతే తపాలాలో రాలేదు, ప్రైవేటు పార్సిల్ సర్వీసులో వచ్చింది. చేతి తుపాకులను తపాలాలో పంపకూడదని 1927లోనే చట్టం చేసినవాళ్లు ప్రైవేటు పార్సిళ్ల జోలికి వెళ్లలేదు. అమ్మినవాడు కొన్నవాడి ముఖమైనా చూడలేదు. ఏ రాష్ట్రం తన గడప లోపల ఎంత కట్టుదిట్టం చేసుకున్నా, పక్క రాష్ట్రం నుంచి పార్సిల్ వచ్చిపడితే ఆ చట్టానికి విలువే లేకుండా పోయింది.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు సెనెటర్ థామస్ డాడ్. ఆయన రాష్ట్రం కనెటికట్. కోల్ట్, వించెస్టర్ వంటి పేరుమోసిన తుపాకుల కంపెనీలకు పుట్టిల్లు. ఓటర్లలో ఎందరికో తుపాకుల కార్ఖానాలే అన్నం పెడుతున్న చోట నిలబడి, మెయిలార్డరు తుపాకులకు పగ్గాలు వేయాలని 1963 ఆగస్టులో, అంటే కెనెడీ హత్యకు మూడు నెలల ముందే, ఆయన బిల్లు పెట్టాడు. అధ్యక్షుడే బలైపోయాక కూడా అది ఐదేళ్లు నానింది. ఆ ఐదేళ్ల జాప్యాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. జూన్ 6న రాబర్ట్ కెనెడీ ప్రాణం విడిచాడు. ఆరోజే ప్రతినిధుల సభ ఒక నేరనియంత్రణ బిల్లును ఆమోదించింది. చేతి తుపాకుల అంతర్రాష్ట్ర అమ్మకాలకు అందులో అడ్డుకట్ట పడింది. అక్టోబరు 22న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం రైఫిళ్లకూ షాట్‌గన్లకూ ఆ కట్టడిని విస్తరించింది. ప్రతి తుపాకికీ రిజిస్ట్రేషన్, ప్రతి యజమానికీ లైసెన్సు ఉండాలన్న జాన్సన్ కోరికను మాత్రం కాంగ్రెస్ తీర్చలేదు.

సామాన్య పౌరుడు వేరే రాష్ట్రంలో సంపాదించిన తుపాకిని సొంత రాష్ట్రానికి తెచ్చుకోకూడదు, వేరే రాష్ట్రంవాడికి ఇవ్వనూకూడదు అన్నది ఈ చట్టానికి మూలస్తంభం. అందులోనే వారసత్వానికి మినహాయింపు పెట్టారు. ఆ చట్టం గురి ముక్కూ మొహం తెలియని బేరం మీద అని, చావు అలాంటి బేరం కాదని నేను అర్థం చేసుకున్నాను. తుపాకి దొరుకుతుందని ఎవరూ తండ్రిని పోగొట్టుకోరు. ఈ మినహాయింపు న్యాయమైనదే. బతికుండగా ఇచ్చే కానుకకు దాన్ని వర్తింపజేస్తే, ప్రతి అక్రమ అమ్మకమూ కానుక వేషం వేసుకుని బయల్దేరేది.

అయితే దానికొక షరతుంది. వారసుడు నివసించే రాష్ట్రంలో ఆ తుపాకి ఉంచుకోవడం చట్టబద్ధమై ఉండాలి. ఫెడరల్ చట్టం సరిహద్దు దాటనిస్తుంది గానీ, అవతలి రాష్ట్రం తరఫున మాట ఇవ్వదు. న్యూయార్క్‌లో 1911 నాటి సలివన్ చట్టం నుంచీ చేతి తుపాకికి లైసెన్సు తప్పనిసరి. ఇలినాయ్‌లో 1968 నుంచి తుపాకి యజమానికి గుర్తింపు కార్డు ఉండాలి. వారసుడు గతంలో తీవ్రనేరంలో శిక్షపడినవాడైతే తండ్రి తుపాకి అయినా ముట్టుకోకూడదు. ఇక 1898లోగా తయారైన పాతకాలపు తుపాకులను ఫెడరల్ చట్టం ఈ కట్టడి నుంచి వదిలేసింది కాబట్టి, అంతర్యుద్ధం నాటి మస్కెట్ తెచ్చుకునేవాడికి రాష్ట్ర చట్టం ఒక్కటి చూసుకుంటే చాలు.

అన్నిటికన్నా చిక్కు ట్రంకుపెట్టెల్లో దాగిన యుద్ధ జ్ఞాపకాలతో వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు జర్మన్ లూగర్ పిస్టళ్లను, కొందరైతే ఏకంగా మెషిన్‌గన్లను వెంట తెచ్చుకున్నారు. పిస్టల్ సంగతి ఫరవాలేదు. మెషిన్‌గన్లు 1934 నాటి చట్టం కిందికొస్తాయి, ప్రభుత్వ రిజిస్టరులో ఎక్కి ఉండాలి. ఎక్కనివాటి కోసం 1968 నవంబరు 2 నుంచి డిసెంబరు 1 దాకా క్షమాభిక్ష గడువిచ్చారు. రిజిస్టరైనదైతే ముందుగా దరఖాస్తు పెట్టి, 200 డాలర్ల పన్ను కట్టకుండానే వారసుడు తన పేరు మీదికి మార్పించుకోవచ్చు. ఆ నెలరోజుల్లో తాతయ్య నమోదు చేయించలేదంటే మనవడికి ఇప్పుడు దాన్ని సక్రమం చేసుకునే దారి లేదు. దాన్ని కారులో వేసుకుని బయల్దేరకుండా, ముందు లాయరును కలిసి అధికారులకు అప్పగించాలి. దుఃఖంలో ఉన్న కుటుంబం తెలియక నేరంలో చిక్కుకునే చోటు ఇదే.

ప్రయాణానికి రక్షణ 1986లో వచ్చింది. సెనెటర్ మెక్‌క్లూర్, ప్రతినిధి వోక్‌మర్ తెచ్చిన బిల్లు మీద మే 19న రీగన్ సంతకం చేశాడు. బయల్దేరే చోటా చేరే చోటా తుపాకి చట్టబద్ధమైతే, మధ్యలో ఎంత కఠినమైన రాష్ట్రమున్నా దాటిపోవచ్చు. తుపాకిలో తూటాలు ఉండకూడదు. తుపాకి గానీ తూటాలు గానీ కూర్చున్నచోటి నుంచి చేతికి అందకూడదు. విడిగా డిక్కీ లేని బండిలో తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. డాష్‌బోర్డు అర పనికిరాదు.

ఈ రక్షణ ఎంత సన్ననిదో 2005లో ఒక యూటావాసికి అనుభవమైంది. నూవార్క్ విమానాశ్రయంలో తర్వాతి విమానం తప్పిపోయి, తుపాకి ఉన్న సామానుతో రాత్రి హోటల్లో పడుకున్నాడు. మర్నాడు నిబంధన ప్రకారం తుపాకి సంగతి తానే చెప్పగా పోలీసులు అరెస్టు చేశారు. కొన్ని రోజులు జైల్లో ఉన్నాడు, తర్వాత కేసు ఎత్తేశారు. పరిహారం కోసం కోర్టుకెక్కితే, హోటల్లో సామాను చేతికందేలా ఉంది కనుక 1986 రక్షణ వర్తించదని 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. నిజం చెప్పినందుకు జైలుపాలైన ఆ మనిషి పట్ల చట్టం కఠినంగా ప్రవర్తించిందనే నేనంటాను.

మన దేశంలో లైసెన్సు మనిషి పేరనే ఉంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం యజమాని పోయాక తుపాకిని పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి, వారసుడు తన పేర లైసెన్సు తెచ్చుకున్నాకే తీసుకోవాలి. ఆ అలవాటుతో అమెరికా వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడి పద్ధతి పూర్తిగా కొత్త. హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాల మీదున్నవాళ్లు తుపాకి ఉంచుకోకూడదని 1998లో నిషేధించారు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో తండ్రి కొన్న పిస్టల్ న్యూయార్క్‌లో ఉన్న కూతురికి వారసత్వంగా వస్తే, న్యూయార్క్ లైసెన్సు చేతికొచ్చేదాకా దాన్ని టెక్సస్‌లోనే డీలరు దగ్గర భద్రపరచాలి, వద్దనుకుంటే అక్కడే అమ్మేయాలి.