లక్షల బండి, ఐదు రియాళ్ల వైరు: స్పోర్ట్స్ కార్ల కరెంటు రోగాల కథ

పోస్టు కొంచెం పొడుగే. జుమ్మా సెలవు కదా, చాయ్ పెట్టుకుని నిదానంగా చదవండి. బండి కరెంటు పని చేసేవాళ్లు మాత్రం చివరి దాకా తప్పకుండా చదవండి.

పోయిన ఆగస్టులో మా వర్షాకి ఒక రెండు సీట్ల బండి సత్హా మీద వచ్చింది. ఓనరు రెండు నెలలు దేశంలో లేడు. బండి అట్లనే బేస్‌మెంట్‌లో నిలబడింది, బ్యాటరీ చచ్చిపోయింది. మావాడు జంప్ పెట్టి స్టార్ట్ చేసిండు. పండక్కి సీరియల్ సెట్టు వేసినట్టు డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగినయ్. డ్రైవర్ దిక్కు అద్దం కిందికి దిగదు. "నువ్వు ముట్టుకోకముందు ఇవేవీ లేవు" అన్నడు ఓనరు. మావాడికి ఆ నెల జీతంలో సగం కోత పడింది. మూడు రోజులు మేమంతా కలిసి వెతికితే అసలు సంగతి తేలింది. డోరు వైర్ల ఎర్త్ బోల్టును పెయింటు గీకకుండా, పెయింటు మీదనే బిగించి ఉన్నరు. బోల్టును అప్పటిదాకా ఎవరూ విప్పిన గుర్తు లేదు. బండి తయారైన రోజు నుంచే ఆ తప్పు అందులో ఉంది. కోసిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు.

అప్పటి నుంచి మాకు ఒకటే ప్రశ్న. ఇరవై ఏళ్ల హైలక్స్ ఎడారిలో దుమ్ము తింటూ తిరుగుతుంటే, లక్షల రియాళ్ల బండికి అద్దం దిగకపోవడం ఏంది? రూముల కూర్చుని చదివినం, వీడియోలు చూసినం, పాత మెకానిక్‌లను అడిగినం. తెలిసింది ఇక్కడ రాస్తున్నం.

మొదట్లో బండికి కరెంటు పనే తక్కువ

వందేళ్లకు పైనే కిందట బండి స్టార్ట్ చేయాలంటే ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. దీపాలు మన ఊళ్లల్లో జాతరలకు పెట్టిన కార్బైడ్ దీపాల లాంటి గ్యాసు దీపాలు. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ, ఛార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను బండిలో పెట్టింది. అక్కడి నుంచి బ్యాటరీ, డైనమో, కరెంటు లైట్లు వరసగా అన్ని బండ్లకు వచ్చేసినయ్.

ఒక్క విషయం మాత్రం అప్పటి నుంచి ఇప్పటి దాకా పెద్దగా మారలేదు. ప్రతి లైటుకూ రెండు వైర్లు వేస్తే బరువు, ఖర్చు. అందుకని ఒక వైరుతో కరెంటు పంపి, తిరిగి రావడానికి బండి ఇనుప బాడీనే వాడుకున్నరు. అంటే బాడీయే సగం వైరింగు. ఎర్త్ బోల్టు వదులైతే సగం వైరింగు తెగినట్టే. మావాడి జీతం కోసిన బోల్టు కథ అప్పుడెప్పుడో మొదలైందన్నమాట.

ఇంగ్లండు బండ్లు, లూకాస్ చీకటి

ఆ తర్వాత ఇంగ్లండులో స్పోర్ట్స్ కార్ల కాలం వచ్చింది. జాగ్వార్, ఎంజీ, ట్రయంఫ్, ఆస్టిన్ హీలీ, ఏ బండి చూసినా కరెంటు సామాను ఎక్కువగా బర్మింగ్‌హామ్‌లోని జోసెఫ్ లూకాస్ కంపెనీదే. 1961లో జెనీవా షోలో జాగ్వార్ ఈ-టైప్ వచ్చినప్పుడు, గంటకు 150 మైళ్లు పోతదని లోకమంతా నోరు తెరిచి చూసింది. దాని కరెంటు మాత్రం ఇంకా పాత పద్ధతే. డైనమో మీద ఛార్జింగు, బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండేది. డైనమో నెమ్మదిగా తిరిగితే సరిగ్గా ఛార్జి చేయదు. ట్రాఫిక్‌లో లైట్లు, వైపర్లు అన్నీ వేస్తే బ్యాటరీ దిగిపోతది. 1964లో 4.2 ఇంజన్ మోడల్‌కు వచ్చాకనే ఆల్టర్నేటరు, ఇప్పుడు మనం చూసే మైనస్ ఎర్త్ వచ్చినయ్.

లూకాస్‌కు పడ్డ ఎక్కిరింపు పేరు "చీకటి యువరాజు". పేరు పెట్టడం సులువే. కనెక్షన్లలోకి వాన నీళ్లు పోతే పచ్చ తుప్పు పడుతది, కరెంటు పోదు. అక్కడ వాన చేసే పనిని ఇక్కడ ఇసుక, ఎండ చేస్తయ్. రోగం వచ్చే చోటు రెండు దేశాల్లోనూ ఒకటే: వైరు మధ్యలో కంటే వైరు కలిసే చోట.

గల్ఫ్ షేకుల కోసం వచ్చిన కంప్యూటర్ బండి

1973 తర్వాత చమురు ధర పెరిగి, గల్ఫ్‌లో డబ్బు పారింది. ఖరీదైన బండ్లు చేసేవాళ్ల కళ్లు ఈ దిక్కు తిరిగినయ్. 1976లో ఆస్టన్ మార్టిన్ కంపెనీ లండన్ షోలో లగోండా అనే బండి చూపించింది. అది నాలుగు డోర్లదే అయినా స్పోర్ట్స్ కార్ల కంపెనీ చేతి పని. ముల్లుల మీటర్లు తీసేసి ఎర్రగా మెరిసే ఎల్ఈడీ అంకెలు పెట్టిండ్రు. మామూలు స్విచ్‌ల బదులు వేలు ఆనిస్తే చాలు పనిచేసే బటన్లు. చేతిలో ఫోనే లేని కాలంలో టచ్ బటన్లు! గల్ఫ్ దేశాల ధనవంతులు దీనికి మంచి గిరాకీ అయిండ్రు.

కానీ ఆ కరెంటు సామాను సరిగ్గా పనిచేయించేసరికి 1979 అయింది. మొదటి బండిని కొన్నవాళ్లకు అప్పగించే రోజు, విలేకరుల ముందే, ఎలక్ట్రానిక్స్ మొరాయించి బండిని చేత్తో తోయాల్సి వచ్చింది. తర్వాత ఎల్ఈడీలు తీసి టీవీ గొట్టం లాంటి స్క్రీన్లు పెట్టిండ్రు, అవీ మార్చి ఇంకో రకం పెట్టిండ్రు. 1990లో ఆపేసే దాకా చేసింది మొత్తం 645 బండ్లే.

ఈ 645 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. అసలు జవాబు ఇందులోనే ఉంది.

వంద బండ్లు, కోటి బండ్లు

లాంబోర్గినీ కౌంటాష్ 1974 నుంచి 1990 దాకా చేసినా 2,000 లోపే. ఫెరారీ ఎఫ్40 దాదాపు 1,300. ఫెరారీ 2023లో ప్రపంచం మొత్తానికి ఇచ్చిన బండ్లు 13,663. అటు టయోటా కొరోల్లా 2021 నాటికి 5 కోట్లు దాటింది. సౌదీకి టయోటాను అబ్దుల్ లతీఫ్ జమీల్ 1955 నుంచి తెస్తున్నరు. డెబ్బై ఏళ్లుగా ఈ ఎండలో, ఈ ఇసుకలో లక్షల బండ్లు తిరుగుతున్నయ్. ఏ వైరు ఎక్కడ రాసుకుంటది, ఏ రబ్బరు ఎన్నేళ్లకు పగులుతది అన్నది వర్షాల నుంచి, వకాలాల నుంచి ఫ్యాక్టరీకి చేరింది, తర్వాత మోడల్‌లో సరిచేసిండ్రు. షాస్ బండి గట్టిగా ఉందంటే దాని వెనుక ఇన్ని లక్షల బండ్ల రిపేరీ అనుభవం ఉంది.

వెయ్యి బండ్లు చేసేవాడికి ఆ అనుభవం దొరకదు. అతని తప్పులు కొన్నవాడి వాకిట్లో బయటపడతయ్. అక్కడ పని చేసేది మనం.

ఇంకొక సంగతి. స్పోర్ట్స్ కారు కొనేవాడు వేగానికి డబ్బు కడతడు, వేగం కోసం బరువు తగ్గించాలి. ఎఫ్40లో లోపల డోరు హ్యాండిల్ కూడా లేదు, ఒక తాడు లాగితే డోరు తెరుచుకుంటది. బరువు తగ్గించే చోట వైరుకు కట్టే క్లిప్పు, తొడుగు, ఖాళీ జాగా అన్నీ తగ్గుతయ్. పోర్షే 918 స్పైడర్ సంగతి చూడండి. ధర 8 లక్షల 45 వేల డాలర్ల నుంచి మొదలు, చేసింది 918 బండ్లే. 2015లో వాటిని వెనక్కి పిలిచిండ్రు. ముందు రేడియేటర్ ఫ్యాన్ దగ్గరి కార్బన్ ఫైబర్ భాగం వైర్లకు తగిలి దెబ్బతీయొచ్చని. అంటే వైరు రాసుకోవడం! మన ఊళ్ల ఆటో మిస్త్రీ కూడా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఆపే రోగం.

వేడి చేసే పని

1990ల మొదట్లో కొన్నేళ్లు మెర్సిడెస్ బండ్ల ఇంజన్ వైర్లకు వేసిన ఇన్సులేషన్, ఇంజన్ వేడికి ఎండి బిస్కెట్ లెక్క పొడిపొడి అయ్యేది. ఆ కాలం ఎస్ఎల్ స్పోర్ట్స్ బండ్లలో కూడా ఇదే. లోపల రాగి తేలి, వైరుకు వైరు తగిలి, ఇంజన్ తడబడేది. 1990లు, 2000ల ఫెరారీలలో బటన్ల మీది మెత్తటి పూత వేడికి కరిగి బెల్లం పాకం లెక్క వేళ్లకు అంటుతది. పాత ఫెరారీ ముట్టినోళ్లకు తెలుసు. 2010లో ఫెరారీ 458 బండ్లు కొన్ని తగలబడ్డయ్. వెనక చక్రాల పైభాగంలో వాడిన గమ్ము వేడికి అంటుకుంటున్నదని తేల్చి, 1,248 బండ్లను పిలిచి, గమ్ము బదులు లోహపు బిగింపులు పెట్టిండ్రు.

ఇవన్నీ చల్లటి దేశాల్లో పుట్టిన బండ్లు. ఇక్కడ ఎండాకాలం 45 దాటుతది, బానెట్ కింద సంగతి చెప్పనక్కర లేదు. బ్యాటరీకి చలి కంటే వేడే పెద్ద శత్రువు. దానికి తోడు ఖరీదు బండి ఎక్కువ రోజులు నిలబడే ఉంటది. తాళం వేసినా అలారం, లాక్ రిసీవర్ కొంచెం కొంచెం కరెంటు తాగుతనే ఉంటయ్.

ఒక్క బ్యాటరీకి పది లైట్లు ఎందుకు?

1986లో జర్మనీ బాష్ కంపెనీ క్యాన్ అనే పద్ధతిని బయటపెట్టింది. 1991లో మెర్సిడెస్ ఎస్ క్లాసులో వచ్చింది. అంతకుముందు ప్రతి స్విచ్‌కూ వేరే వైరు. క్యాన్‌తో రెండు మెలితిప్పిన వైర్ల మీదనే కంప్యూటర్ డబ్బాలన్నీ మాట్లాడుకుంటయ్. వైర్ల బరువు తగ్గింది, కానీ రోగం కనిపించే తీరు మారింది. క్యాంపులో ఒక్కడు ఫోన్ ఎత్తకపోతే పది మంది "వాడికేమైంది" అని గోల చేసినట్టు, వోల్టేజీ తగ్గి ఒక్క డబ్బా మాట్లాడకపోతే మిగతావన్నీ కంప్లైంట్ రాస్తయ్. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్, అన్ని లైట్లు ఒకేసారి వెలుగుతయ్. ఓనరుకు బండి మొత్తం పాడైనట్టు కనిపిస్తది. చివరిగా చెయ్యి పెట్టింది ఎవరు? మనం. నింద మన మీదికే వస్తది.

అందుకే ఇవి చేయండి

ఒకటి. బానెట్ ఎత్తకముందే డ్యాష్‌బోర్డు, అద్దాలు, లైట్లు, కిలోమీటర్ల వీడియో తీసి ఓనరుకు లేదా ముదీర్‌కు వాట్సాప్ చేయండి. సమయం దానంతటదే పడుతది. బండి పూర్తిగా డెడ్ అయి ఉంటే అదే మాట వీడియోలో చెప్పండి.

రెండు. మొదట బ్యాటరీ కొలవండి, జాబ్ కార్డు మీద రాయండి. నిలబడ్డ బండికి 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.0 దగ్గరుంటే దాదాపు ఖాళీ. బ్యాటరీ నిండకముందు స్కానర్ చెప్పేది నమ్మి ఏ సామానూ మార్చొద్దు. కోడ్లు ఫోటో తీయకుండా చెరపొద్దు.

మూడు. లోడు వేసి, బ్యాటరీ మైనస్ నుంచి ఎర్త్ చోటికి మీటరు పెట్టండి. 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే విప్పి, గీకి, శుభ్రం చేసి బిగించండి. క్యాన్ వైర్ల మీద అనుమానముంటే బ్యాటరీ తీసి కొలిస్తే 60 ఓముల దగ్గర ఉండాలె.

నాలుగు. నారింజ రంగు వైర్లు ముట్టొద్దు. 2023 సెప్టెంబరులో కింగ్ అబ్దుల్లా ఎకనామిక్ సిటీలో లూసిడ్ ఎలక్ట్రిక్ బండ్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఆ బండ్లలో కొన్నింటిలో 900 వోల్టులు దాటి ఉంటది. ట్రైనింగ్ ఇవ్వకుండా చేయమంటే చేయమని చెప్పండి. నౌకరీ ఇంకోటి దొరుకుతది.

ఐదు. సౌదీ లేబర్ లా 91వ ఆర్టికల్ తెలుసుకోండి. మన తప్పు వల్లనే నష్టం జరిగినా, దానికోసం ఒక నెలలో ఐదు రోజుల జీతం కంటే ఎక్కువ కోయడానికి లేదు. మావాడికి పదిహేను రోజులది కోసిండ్రు, తప్పు కూడా వాడిది కాదు. ఆ రోజు మాకు ఈ ఆర్టికల్ తెలియదు, చేతిలో వీడియో లేదు. ఫిర్యాదు ముందు మంత్రిత్వ శాఖ దగ్గర రాజీ దశకు పోతది, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టుకు. అక్కడ మన మాట కంటే ఫోటో, వీడియో, జాబ్ కార్డు ఎక్కువ మాట్లాడతయ్.

మావాడు ఇప్పుడు ప్రతి బండికీ వీడియో తీస్తున్నడు. మొదట్లో ముదీర్ నవ్విండు. పోయిన నెల ఇంకో ఓనరు అదే మాట అన్నప్పుడు, ముదీరే ఆ వీడియో అడిగి తీసుకుని ఓనరుకు చూపించిండు. ఈసారి కోత పడలేదు.

మీ వర్షాలో జరిగినవి కామెంట్లలో రాయండి, కంపెనీ పేర్లు, ఓనర్ల పేర్లు రాయకండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఈ పోస్టు పంపండి. ఉంటం మరి.